దోషం లేని వియోగం: విడాకుల చట్టం, ధమ్మ దృష్టి



బౌద్ధ కుటుంబ జీవితం గురించి నాలుగు మాటలు చెప్పవలసిందిగా నిర్వాహకులు నన్ను ఆదేశించారు. ఈ అంశం మీద మాట్లాడేవారు సాధారణంగా వివాహం గురించే మాట్లాడతారు. పురోహితుడు లేని పెళ్ళి, కట్నం లేని పెళ్ళి, త్రిశరణ పంచశీలాలతో జరిగే పెళ్ళి మనకు గర్వకారణాలు. ఆ గర్వం సమంజసమైనదే. అయితే నేను ఈ రోజు పెళ్ళి నిలవని సందర్భం గురించి మాట్లాడదలచుకున్నాను. భార్యాభర్తలిద్దరిలో ఎవరూ దుర్మార్గులు కానప్పుడు, అయినా వారి మధ్య ఏ విధంగానూ పొసగనప్పుడు, వారు విడిపోవడానికి చట్టం ఏ దారి చూపుతోంది? ధమ్మం దాని గురించి ఏమి చెబుతోంది? ఇవే నా ప్రశ్నలు. ఈ సభలో ఈ ప్రసక్తి ఎందుకని కొందరికి అనిపించవచ్చు. దుఃఖం గురించి మాట్లాడడానికి బౌద్ధుల సభ కంటే తగిన చోటు మరొకటి లేదని నా అభిప్రాయం.

సారనాథ్‌లో తథాగతుడు చేసిన మొదటి ప్రబోధాన్ని ఒకసారి స్మరించుకుందాం. దుఃఖమంటే ఏమిటో వివరిస్తూ ఆయన పుట్టుకను, ముసలితనాన్ని, మరణాన్ని పేర్కొన్న తరువాత మరి రెండు విషయాలు చేర్చాడు. ప్రియమైనవారికి దూరం కావడం ఒకటి. ప్రియం కానివారితో కలిసి ఉండవలసి రావడం రెండవది. మొదటి దాని మీద మన దేశంలో కావ్యాలు వచ్చాయి, పాటలు వచ్చాయి, సినిమాలు వచ్చాయి. విరహం మనకు రసం. రెండవ దాని మీద మాత్రం దాదాపు మౌనమే. అప్రియ సంయోగం అనే ఆ దుఃఖాన్ని 'సర్దుకుపోవడం' అనే మాట కింద కప్పిపెట్టాం. తథాగతుడు ఆ దుఃఖాన్ని చెప్పినప్పుడు అది ఎవరి తప్పు వల్ల కలిగిందని అడగలేదన్న సంగతి మీరు గమనించాలి. దుఃఖం ఉంది, దానికి కారణం ఉంది, దాని నుండి బయటపడే మార్గం ఉంది. ఆయన విచారణ అంతా ఈ క్రమంలోనే సాగింది. ముద్దాయిని వెతకడం ఆ విచారణలో భాగం కాదు.

మన వివాహ చట్టం మాత్రం ముద్దాయిని వెతుకుతుంది.

1955 మే 18న అమలులోకి వచ్చిన హిందూ వివాహ చట్టం, తన 2వ సెక్షన్ ప్రకారం బౌద్ధులకు కూడా వర్తిస్తుంది. మనం దీక్ష తీసుకొని బౌద్ధులమైనా, వివాహం విషయంలో ఆ చట్టం పరిధిలోనే ఉన్నాం. ప్రత్యేక వివాహ చట్టం కింద పెళ్ళి చేసుకున్నవారి సంగతి వేరు. హిందూ వివాహ చట్టంలోని 13వ సెక్షన్ విడాకులకు కారణాలను వరుసగా చెబుతుంది. వ్యభిచారం, క్రూరత్వం, రెండేళ్ళకు తక్కువ కాకుండా విడిచిపెట్టి ఉండడం, మతం మారడం, నయం కాని మానసిక వ్యాధి, అంటుకునే సుఖవ్యాధి, సన్యసించడం, ఏడేళ్ళుగా ఆచూకీ లేకపోవడం అందులోని ముఖ్యమైనవి. కుష్ఠువ్యాధి కూడా ఆ జాబితాలో ఉండేది. 2019లో దాన్ని తొలగించారు. ఈ జాబితాలో 'పొసగకపోవడం' లేదు. తాగుడు లేదు, కొట్టడం లేదు, పరాయి సంబంధం లేదు, అయినా ఒకే ఇంట్లో ఉంటే ఇద్దరికీ ఊపిరాడదు. అటువంటి దంపతులలో ఒకరు విడిపోవాలని కోరి, రెండవవారు ఒప్పుకోకపోతే, ఈ సెక్షన్‌లో వారికి తలుపు లేదు.

ఒక్క విశేషం ఉంది. సన్యాసం తప్పు కాదు. మన సమాజంలో అది పూజ్యమైనది. అయినా భర్తగాని భార్యగాని లోకాన్ని త్యజించి ఏదైనా మతసంఘంలో చేరితే, మిగిలిన వ్యక్తికి విడాకులు పొందే హక్కును చట్టం ఇచ్చింది. అంటే దోషం లేకపోయినా బంధం ముగిసిపోవచ్చునన్న సూత్రాన్ని చట్టం ఒకచోట అంగీకరించింది. కాషాయం కట్టి ఇల్లు విడిచినవారి విషయంలో అంగీకరించిన ఆ సూత్రాన్ని, ఇంట్లోనే ఉంటూ మనసా ఎన్నడో విడిపోయినవారి విషయంలో అంగీకరించలేదు.

ఇక చరిత్రలోకి వద్దాం. వివాహం జన్మజన్మల బంధమని, విడాకులు పాశ్చాత్య దేశాల నుండి వచ్చిన జాడ్యమని తరచుగా వింటుంటాం. చరిత్ర ఈ మాటను సమర్థించదు. మౌర్య సంప్రదాయంతో ముడిపడిన కౌటిల్యుని అర్థశాస్త్రంలో వివాహానికి సంబంధించిన ప్రకరణం ఉంది. భార్యాభర్తలకు ఒకరిపై ఒకరికి ద్వేషం కలిగితే వారు విడిపోవచ్చునని అందులో ఉంది. ఒకరికి మాత్రమే ద్వేషం ఉండి, రెండవవారికి ఇష్టం లేకపోతే విడుదల లేదు. ఈ విడుదలకు ఆ గ్రంథం వాడిన మాట ఏమిటో తెలుసా? మోక్షం. మోక్షమనే మాటను ఒక న్యాయశాస్త్ర గ్రంథం విడాకులకు వాడింది. అయితే వెంటనే ఒక మినహాయింపు కూడా పెట్టింది. బ్రాహ్మం మొదలైన నాలుగు ధర్మ్య వివాహాలకు ఆ మోక్షం లేదు. కాబట్టి విడిపోవడం ఈ నేల మీద తెలియని విషయం కాదు. ఏ తరహా పెళ్ళికి అది ఉండాలి, ఏ తరహా పెళ్ళికి ఉండకూడదు అన్నదే అప్పటి వివాదం. కాలం గడిచేకొద్దీ ఆ మినహాయింపే నియమమై కూర్చున్నది.

తెలుగు నేల మీద కూడా శ్రమజీవులైన కులాలలో తెగతెంపులు ఉండేవి. కుల పెద్దల ఎదుట ఇచ్చిపుచ్చుకున్నవి లెక్క చూసుకొని విడిపోవడం, ఆ తరువాత స్త్రీ మారుమనువు చేసుకోవడం తెలిసిన ఆచారాలే. హిందూ వివాహ చట్టం కూడా 29వ సెక్షన్‌లో ఆచారసిద్ధమైన విడాకులను కాపాడింది. ఆ పద్ధతి ఆదర్శప్రాయమని నేను అనడం లేదు. కుల పెద్దలందరూ పురుషులే. జరిమానాలు తరచు స్త్రీ పుట్టింటి మీదే పడేవి. అయినా మనసు కలవని మనుషులు చచ్చేదాకా కలిసే ఉండాలని ఆ సమాజం శాసించలేదు. పై కులాల మర్యాదలను అనుకరించే క్రమంలో, దీన్నే సామాజిక శాస్త్రవేత్త ఎం.ఎన్. శ్రీనివాస్ సంస్కృతీకరణ అన్నారు, మన తాతముత్తాతలకు ఉన్న స్వేచ్ఛను మనమే అవమానంగా భావించడం నేర్చుకున్నాం. హిందూ కోడ్ బిల్లు చర్చలో బాబాసాహెబ్ అంబేడ్కర్ ఈ విషయాన్నే ఎత్తిచూపారు. శూద్ర కులాలలో విడాకులు ఆచారంగా ఉన్నాయని, దేశ జనాభాలో అత్యధికులు వారేనని, కాబట్టి విడాకుల హక్కు ఈ దేశానికి కొత్త కాదని ఆయన వాదించారు.

ఇప్పుడు మన సాహిత్యంలోనే ఉన్న ఒక స్త్రీ జీవితాన్ని మీ ముందుంచుతాను. థేరీగాథలలో ఇసిదాసి అనే భిక్షుణి కథ ఉంది. పాటలీపుత్రంలో భిక్షాటన ముగించుకొని గంగ ఇసుకతిన్నెల మీద కూర్చున్నప్పుడు, బోధి అనే తోటి భిక్షుణి అడగగా ఆమె తన గతం చెప్పింది. ఆమె ఉజ్జయిని శ్రేష్ఠి కూతురు. సాకేతపురానికి చెందిన సంపన్న కుటుంబంలో ఇచ్చారు. అత్తమామలకు మొక్కింది, భర్తకు స్వయంగా వండి వడ్డించింది, దాసిలా సేవ చేసింది. కొంతకాలానికి ఆమె భర్త, ఇక ఇసిదాసితో ఒకే ఇంట్లో ఉండలేనని తన తల్లిదండ్రులతో చెప్పాడు. ఆమె ఏమి తప్పు చేసిందని వారు అడిగారు. ఆమె తన పట్ల ఏ తప్పూ చేయలేదని, కాని తనకు ఆమెతో కలిసి ఉండడం ఇష్టం లేదని అతను బదులిచ్చాడు. అత్తమామలు ఆమెను కూడా అడిగారు. తాను ఏ అపరాధమూ చేయలేదని ఆమె అన్నది. వారు దుఃఖిస్తూనే ఆమెను పుట్టింట దిగబెట్టారు. తండ్రి మొదటిసారి తీసుకున్న ఓలిలో సగానికే రెండవ ఇంటికి ఇచ్చాడు. అక్కడ నెల రోజులు. మూడవసారి ఒక బిచ్చగాణ్ణి పిలిచి ఇచ్చాడు. అక్కడ పదిహేను రోజులు. చివరకు జినదత్త అనే భిక్షుణి ఆ ఇంటికి భిక్షకు వచ్చినప్పుడు ఇసిదాసి ప్రవ్రజ్య కోరింది.

దోషం లేని వియోగానికి మన వాఙ్మయంలో ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ దొరకదు. చరిత్ర విద్యార్థిగా ఈ కథలో నేను మూడు విషయాలు చూస్తున్నాను. మొదటిది, ఇద్దరిలో ఎవరి తప్పూ లేకుండానే పొసగని స్థితి ఉంటుందని ఆ ప్రాచీనులకు తెలుసు. భర్త అబద్ధమాడలేదు. ఆమె మీద లేని నింద వేయలేదు. ఆ మేరకు అతను నేటి మన కోర్టు అర్జీల కంటే నిజాయతీపరుడు. రెండవది, ఆ నిజాయతీ ఆమెను కాపాడలేదు. ప్రతిసారీ బంధం తెంచుకున్నది పురుషుడే. ఆమె చేతికి ఏమీ రాలేదు సరికదా, ప్రతి పెళ్ళికీ ఆమె విలువ తగ్గింది. మూడవది, ఇసిదాసి తన కష్టానికి కారణం వెతుక్కుంటూ గతజన్మలలోకి వెళుతుంది. ఎప్పుడో ఒక జన్మలో చేసిన పాపమే ఇదని చెప్పుకుంటుంది. ఈ జన్మలో తప్పు దొరకకపోతే మరో జన్మలోనైనా వెతికి పట్టుకోవాలనే మనస్తత్వం ఎంత బలమైనదో చూడండి. గతజన్మ కర్మ సిద్ధాంతాన్ని బాబాసాహెబ్ తన 'ది బుద్ధ అండ్ హిజ్ ధమ్మ' గ్రంథంలో నిరాకరించడానికి కారణం కూడా ఇదే. బాధితుణ్ణే దోషిగా నిలబెట్టే సిద్ధాంతం న్యాయానికి పనికిరాదు.

నా వాదన అంతా ఈ మూడు విషయాల మీదే ఆధారపడి ఉంది. దోషం నిరూపించనవసరం లేని విడాకులు కావాలి. కాని అవి ఇసిదాసి పొందిన విడాకులలా ఉండకూడదు.

ఆధునిక చట్టం ఇక్కడికి ఎలా చేరిందో క్లుప్తంగా చెబుతాను. హిందువుల విడాకుల కోసం బొంబాయిలో 1947లో, మద్రాసులో 1949లో ప్రాంతీయ చట్టాలు వచ్చాయి. అప్పటికి మద్రాసు రాష్ట్రంలో ఉన్న కోస్తాంధ్ర, రాయలసీమ జిల్లాలకు ఆ రెండవ చట్టం వర్తించింది. కేంద్ర స్థాయిలో హిందూ కోడ్ బిల్లును న్యాయశాఖ మంత్రిగా బాబాసాహెబ్ నడిపించారు. సనాతనుల వ్యతిరేకత ఎంత తీవ్రంగా ఉందంటే, కనీసం వివాహం, విడాకుల భాగాన్నైనా ముందు ఆమోదింపజేద్దామన్న ప్రతిపాదన కూడా నిలవలేదు. నాలుగు క్లాజులు ఆమోదం పొందిన తరువాత బిల్లును పక్కన పెట్టారు. 1951 సెప్టెంబరులో ఆయన మంత్రి పదవికి రాజీనామా చేశారు. ఆ బిల్లులోని విడాకుల కారణాలు కూడా ప్రధానంగా దోషం మీద ఆధారపడినవేనని మనం నిజాయతీగా ఒప్పుకోవాలి. ఆయన మూసి ఉన్న తలుపు తెరిచారు. ఆ తలుపు ఎంత వెడల్పు ఉండాలన్నది తరువాతి తరాల బాధ్యత.

ఆ కాలంలోనే మన తెలుగు మహిళ ఒకరి జీవితం ఈ విషయానికి నిదర్శనంగా నిలిచింది. రాజమహేంద్రవరంలో పుట్టిన దుర్గాబాయమ్మకు ఎనిమిదవ ఏటనే పెళ్ళి చేశారు. యుక్తవయసు వచ్చాక ఆమె ఆ కాపురానికి వెళ్ళనన్నది. తండ్రి, సోదరుడు ఆమె నిర్ణయాన్ని సమర్థించారు. అందులో ఎవరి మీదా నేరారోపణ లేదు. ఆ నిర్ణయాన్ని ఇంటివారు గౌరవించారు కాబట్టే రాజ్యాంగ సభకు ఒక సభ్యురాలు, ఆంధ్ర మహిళా సభకు ఒక వ్యవస్థాపకురాలు లభించారు. 1953లో ఆమె సి.డి. దేశ్‌ముఖ్‌ను వివాహమాడారు. అదే సంవత్సరం చైనా పర్యటనలో కుటుంబ న్యాయస్థానాల పనితీరు చూసి వచ్చి, అటువంటివి మన దేశంలోనూ కావాలని పెద్దలతో చర్చించారు. 1984లో కుటుంబ న్యాయస్థానాల చట్టం వచ్చింది.

1976 సవరణతో హిందూ వివాహ చట్టంలో 13-బి సెక్షన్ చేరింది. ఇద్దరూ ఏడాది పాటు వేరుగా ఉండి, ఇద్దరూ కోరితే విడాకులు పొందవచ్చు. అర్జీ వేసిన తరువాత ఆరు నెలలు ఆగి మళ్ళీ కోర్టుకు చెప్పాలి. తగిన సందర్భాలలో ఆ ఆరు నెలల గడువును కోర్టు సడలించవచ్చునని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇది దోషం అడగని విడాకులే. అయితే ఇద్దరి సంతకం కావాలి. ఆ సంతకమే బేరసారాలకు మూలమవుతోంది. భరణం వదులుకుంటే సంతకం పెడతానని భర్త అంటాడు. కేసులు ఉపసంహరిస్తేనే పెడతామని అటువైపు పెద్దలు అంటారు. బయటపడవలసిన అవసరం ఎవరికి ఎక్కువగా ఉందో వారే ఎక్కువ వదులుకుంటారు. మన కుటుంబాలలో వారు ఎక్కువగా స్త్రీలే.

రెండవ వ్యక్తి సంతకం పెట్టకపోతే 13వ సెక్షన్‌కు తిరిగి వెళ్ళాలి. అంటే దోషం నిరూపించాలి. దోషం లేనిచోట దోషం కావాలంటే ఏమి జరుగుతుంది? దాన్ని తయారు చేస్తారు. పది సంవత్సరాల కాపురంలో జరిగిన ప్రతి చిన్న తగవూ అర్జీలో క్రూరత్వమవుతుంది. వండలేదని ఒకరు, పలకలేదని ఒకరు, అత్తను గౌరవించలేదని ఒకరు. ఎదుటిపక్షం కౌంటరు అంతకంటే ఘాటుగా ఉంటుంది. ఇద్దరు మర్యాదస్థులు తమ పిల్లలు పెద్దయ్యాక చదవగలిగే కాగితాల మీద ఒకరినొకరు హీనంగా చిత్రించుకుంటారు. న్యాయవాదిని నిందించి లాభం లేదు. చట్టం అడిగిన సరుకునే అతను సమకూరుస్తున్నాడు.

పంచశీలాలలో నాలుగవది మృషావాద విరమణ. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ లక్షలాది ప్రజల చేత చేయించిన 22 ప్రతిజ్ఞలలో అబద్ధమాడననే ప్రతిజ్ఞ కూడా ఉంది. ప్రతి ఆదివారం విహారంలో ఆ శీలాన్ని పలికే ఉపాసకుణ్ణి, సోమవారం కుటుంబ న్యాయస్థానంలో అబద్ధమాడితేనే విడుదల అని చెప్పే చట్టం ఉంది. ఇది చిన్న విషయం కాదు. తన జీవితసహచరిగా ఉన్న మనిషి మీద అబద్ధం చెప్పడం రెండింతల శీలభంగం. సమ్యక్ వాక్కును అష్టాంగమార్గంలో భాగంగా నమ్మేవారు, నిజం చెప్పి బయటపడే దారిని కోరడంలో తప్పు లేదు. నిజం ఏమిటి? మా ఇద్దరికీ పొసగలేదు. ఇంతే నిజం.

పొసగని కాపురాన్ని బలవంతంగా నిలబెట్టడం గురించి మన హైకోర్టు ఒకప్పుడు ధైర్యంగా మాట్లాడింది. విడిగా ఉంటున్న భార్యనుగాని భర్తనుగాని తిరిగి కాపురానికి రమ్మని ఆదేశించమని కోర్టును కోరే హక్కును 9వ సెక్షన్ ఇస్తుంది. 1983లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తి పి.ఎ. చౌదరి ఈ సెక్షన్ వ్యక్తి గోపనీయతకు, స్వేచ్ఛకు విరుద్ధమని, రాజ్యాంగం ముందు నిలవదని తీర్పు చెప్పారు. మరుసటి ఏడాదే సుప్రీంకోర్టు ఆ సెక్షన్ చెల్లుతుందని నిర్ణయించింది. విచిత్రమేమిటంటే, ఆ డిక్రీ వచ్చిన తరువాత ఏడాది పాటు కాపురం సాగకపోతే ఇద్దరిలో ఎవరైనా విడాకులు కోరవచ్చు. అంటే కలిసి ఉండమని ఒక డిక్రీ తెచ్చుకొని, కలిసి ఉండకుండా ఏడాది గడిపి, విడాకులు పొందవచ్చు. నేరుగా నడవవలసిన దారిని చట్టం ఇలా చుట్టుదారి చేసింది.

సంస్కరణ కావాలని చెప్పినవారు తక్కువేమీ కాదు. తిరిగి అతుకుపడని విధంగా చెడిపోయిన వివాహాన్ని విడాకులకు కారణంగా గుర్తించాలని న్యాయ కమిషన్ 1978లో తన 71వ నివేదికలో సిఫారసు చేసింది. 2006లో సుప్రీంకోర్టు ఒక తీర్పులో ఈ విషయాన్ని పరిశీలించమని కేంద్రాన్ని కోరింది. 2009లో న్యాయ కమిషన్ 217వ నివేదికలో అదే మాట మళ్ళీ చెప్పింది. 2010లో బిల్లు వచ్చింది. మూడేళ్ళు వేరుగా ఉన్న దంపతులకు ఈ కారణం వర్తిస్తుందని, తీవ్రమైన ఆర్థిక కష్టం కలుగుతుందంటే భార్య విడాకులను వ్యతిరేకించవచ్చునని అందులో ఉంది. 2013లో రాజ్యసభ దాన్ని ఆమోదించింది. 2014లో లోక్‌సభ రద్దు కావడంతో బిల్లు మురిగిపోయింది. 2023 మే 1న సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం, 142వ అధికరణ కింద తనకున్న ప్రత్యేకాధికారంతో, ఒకరు ఒప్పుకోకపోయినా, పూర్తిగా చెడిపోయిన వివాహాన్ని రద్దు చేయవచ్చునని ప్రకటించింది. అయితే అది పౌరునికి హక్కు కాదని, కోర్టు విచక్షణ అని కూడా స్పష్టం చేసింది.

ఈ తీర్పును స్వాగతిస్తూనే ఒక ప్రశ్న అడగాలి. ఆ అధికారం సుప్రీంకోర్టుకే ఉంది. జిల్లా కేంద్రంలోని కుటుంబ న్యాయస్థానానికి లేదు. ఢిల్లీ దాకా వెళ్ళగలిగినవారికి ఒక న్యాయం, బస్సు చార్జీలకు వెతుక్కుంటూ వాయిదాలకు తిరిగే కూలి మహిళకు ఒక న్యాయం. ఉపశమనం దూరాన్ని బట్టి, డబ్బును బట్టి లభించడం సమానత్వం కాదు. పార్లమెంటు చట్టం చేస్తే తప్ప ఈ అంతరం పోదు.

బౌద్ధులు అధికంగా ఉన్న పొరుగుదేశం శ్రీలంకను చూడండి. అక్కడ ఒకే దేశంలో రెండు పద్ధతులు ఉన్నాయి. సాధారణ వివాహ చట్టం దోషాన్నే అడుగుతుంది. క్యాండీ ప్రాంతపు సింహళుల కోసం ఉన్న 1952 నాటి వివాహ, విడాకుల చట్టం మాత్రం పరస్పర అంగీకారాన్ని, అలాగే ఇద్దరూ సుఖంగా కలిసి జీవించలేకపోవడాన్ని కూడా విడాకులకు కారణాలుగా గుర్తించింది. ఏడాది పాటు వేరుగా ఉండడమే దానికి గీటురాయి. విడాకులు ఇచ్చేది జిల్లా రిజిస్ట్రారు. పొసగకపోవడం అనే మాటకు చట్టంలో చోటిస్తే కుటుంబ వ్యవస్థ కూలిపోతుందని భయపడేవారు ఈ ఉదాహరణను పరిశీలించాలి. ఆ చట్టంలోనూ లోపం ఉంది. వ్యభిచారం విషయంలో భార్యకు ఒక కొలత, భర్తకు మరొక కొలత పెట్టింది. కాబట్టి దాన్ని యథాతథంగా తెచ్చుకోమని నేను అనను. మనకు కావలసిన ఒక సూత్రం అందులో ఉందని మాత్రమే అంటున్నాను.

ఇక అభ్యంతరాలు. ఇలాగైతే చిన్న మనస్పర్థకే కాపురాలు కూలుతాయని మొదటి అభ్యంతరం. పెళ్ళయిన ఏడాదిలోపు సాధారణంగా విడాకుల అర్జీ వేయకూడదని ఇప్పటికే చట్టంలో ఉంది. రాజీకి ప్రయత్నించవలసిన బాధ్యత కోర్టు మీద ఉంది. వీటికి తోడు కొన్నేళ్ళు వేరుగా ఉండాలన్న నియమం పెడితే, ఆవేశం ఏదో, నిజమైన వియోగం ఏదో కాలమే తేలుస్తుంది. పిల్లల సంగతేమిటని రెండవ అభ్యంతరం. నిత్యం కలహించే ఇల్లు, మాటలు లేని ఇల్లు పిల్లలకు మేలు చేస్తుందని ఎవరూ చెప్పలేరు. తల్లిదండ్రులు విడిపోయినా శత్రువులు కాకుండా ఉండడం పిల్లలకు ముఖ్యం. దోషారోపణ మీద నడిచే విచారణ వారిని శత్రువులుగానే బయటకు పంపుతుంది.

మూడవ అభ్యంతరం అన్నిటికంటే బరువైనది. ఈ హక్కును పురుషులు వాడుకొని భార్యలను వదిలించుకుంటారని స్త్రీ సంఘాలు ఎప్పటినుండో హెచ్చరిస్తున్నాయి. ఇసిదాసి కథ తెలిసిన మనం ఈ హెచ్చరికను తేలికగా తీసుకోలేం. మన దేశంలో కాపురం సాగినంతకాలం కొన్న ఇల్లు, పొలం ఎవరి పేరు మీద ఉంటే వారివే. ఇరవై ఏళ్ళు వండి, పిల్లలను పెంచి, అత్తమామలకు చాకిరీ చేసిన భార్యకు అందులో వాటా లేదు, భరణం మాత్రమే ఉంది. గోవాలో పోర్చుగీసు కాలం నుండి అమలులో ఉన్న పౌరస్మృతి మాత్రం సాధారణంగా దంపతుల ఆస్తిని ఉమ్మడిగా పరిగణిస్తుంది. కాబట్టి దోషం లేని విడాకులు, వివాహకాలంలో సంపాదించిన ఆస్తిలో వాటా, ఈ రెండూ ఒకే చట్టంలో కలిసి రావాలి. మొదటిది వచ్చి రెండవది రాకపోతే అది పురుషుడి స్వేచ్ఛ మాత్రమే అవుతుంది. విడాకుల డిక్రీకి ముందే స్త్రీ నివాసం, జీవనం, పిల్లల చదువు తేలాలి.

మరొక విషయం స్పష్టంగా చెప్పాలి. కొట్టడం పొసగకపోవడం కాదు. తాగి వచ్చి హింసించడం స్వభావభేదం కాదు. హింసకు 2005 నాటి గృహహింస చట్టం ఉంది, శిక్షాస్మృతి ఉంది. 'ఇద్దరికీ పడలేదు' అనే మర్యాద మాట కింద నేరాన్ని దాచడానికి నా వాదనను ఎవరూ వాడుకోకూడదు.

ఇప్పుడు మన సంఘాల కర్తవ్యానికి వస్తాను. బౌద్ధంలో వివాహం సంస్కారం కాదు. గృహస్థుల మధ్య కుదిరిన ఒడంబడిక. సిగాలోవాద సుత్తంలో భార్య పట్ల భర్తకు ఐదు విధులు, భర్త పట్ల భార్యకు ఐదు విధులు చెప్పబడ్డాయి. భార్యను గౌరవించడం, అవమానించకపోవడం, ఆమెకు అధికారం అప్పగించడం అందులో ఉన్నాయి. విధులు రెండువైపులా ఉన్నచోట సంబంధం రెండువైపులా నిలవాలి. సంప్రదాయ గాథలో సిద్ధార్థుడు నిద్రిస్తున్న భార్యకు చెప్పకుండా అర్ధరాత్రి ఇల్లు విడుస్తాడు. బాబాసాహెబ్ తన గ్రంథంలో ఆ ఘట్టాన్ని అలా రాయలేదు. అక్కడ సిద్ధార్థుడు యశోధరకు చెప్పి, ఆమె సమ్మతితో వెళతాడు. ఎంత గొప్ప లక్ష్యం కోసమైనా జీవితసహచరితో మాట్లాడకుండా వెళ్ళడం ధమ్మం కాదని ఆ మార్పులో నాకు వినిపిస్తుంది. విడిపోవడంలోనూ ఒక శీలం ఉంది. అది ఎదుట నిలబడి నిజం చెప్పడం, ఎదుటివారి బతుకు ఏమవుతుందో ఆలోచించడం.

చట్టం మారేదాకా మనం చేతులు ముడుచుకొని కూర్చోనవసరం లేదు. మన విహారాలలో జరిగే ప్రతి పెళ్ళినీ 2002 నాటి వివాహాల నిర్బంధ నమోదు చట్టం కింద నమోదు చేయించాలి. నమోదు లేని పెళ్ళిలో మొదట నష్టపోయేది స్త్రీయే. పెళ్ళినాడు వధూవరులకు వచ్చిన కానుకల జాబితా రాసి సంతకాలు చేయించాలని 1985 నాటి నియమాలు చెబుతున్నాయి. ఆ జాబితా మన పెళ్ళిళ్ళలో త్రిశరణం తరువాతి కార్యక్రమం కావాలి. స్త్రీలకు, షెడ్యూల్డు కులాల, తెగల వారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కును 1987 నాటి న్యాయ సేవల అధికార సంస్థల చట్టం ఇచ్చింది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ చిరునామా ప్రతి విహారం గోడ మీద ఉండాలి.

దంపతులు మన దగ్గరకు వచ్చినప్పుడు పెద్దమనుషులు మొదట అడిగే ప్రశ్న మారాలి. తప్పెవరిదని అడుగుతున్నాం. కలిసి ఉండగలరా, ఉండలేకపోతే ఎవరికి ఏమి కావాలి అని అడగాలి. ఆ పెద్దలలో సగంమంది స్త్రీలు ఉండాలి. విడిపోయిన స్త్రీని గురించి ఇరుగుపొరుగు మాట్లాడే మాటలకు మన ఇళ్ళలో చోటు ఉండకూడదు. వధూవరుల పరిచయ వేదికలలో విడాకులు పొందినవారి పేర్లను వేరే కాగితం మీద చివర రాసే పద్ధతి మానుకోవాలి. మారుమనువును సహజంగా చూసిన తాతముత్తాతల సంతతి మనం. వారి స్వేచ్ఛలో ఉన్న అసమానతను తొలగించి, ఆ స్వేచ్ఛను తిరిగి తెచ్చుకోవడమే మన పని.

ధమ్మ మిత్రులారా, పెళ్ళిని తేలిక చేయమని నేను అడగడం లేదు. కలిసి ఉన్నంతకాలం మైత్రితో ఉండమని, కలిసి ఉండలేనప్పుడు అబద్ధం లేకుండా, అన్యాయం లేకుండా విడిపోయే దారిని చట్టంలోనూ సంఘంలోనూ ఏర్పరచమని అడుగుతున్నాను. ఇసిదాసిని భర్త ఇంటి నుండి పంపినప్పుడు ఆమె తప్పు లేదని అందరికీ తెలుసు. ఆమెకు రావలసినది ఇప్పించడానికి మాత్రం ఎవరూ నోరు తెరవలేదు. ఆ నోరు ఈ నాడు మన సంఘానిది కావాలి.

సర్వ ప్రాణులకూ మంగళమగుగాక. నమో బుద్ధాయ. జై భీమ్.